గాలి వెళ్ళే అంతస్తు

మా ఇంటి కింద ఇల్లు లేదు. ఒక అంతస్తు మొత్తం ఖాళీ. చుట్టూ నడుము ఎత్తు పిట్టగోడ, లావుపాటి స్తంభాలు, మధ్యలో లిఫ్టులూ మెట్లూ ఉన్న గట్టి గోడ, అంతే. దాని కింద ఇరవై అంతస్తుల జనం, దాని పైన మేము, మా నెత్తిన మళ్ళీ అంతమంది. దూరం నుంచి చూస్తే బిల్డింగును నడుము దగ్గర ఎవరో కొరికినట్టు కనిపించేది.

దాన్ని గాలి అంతస్తు అనేవాళ్ళు. గాలి వేసినప్పుడల్లా అందులోంచి ఒక కూత లేచేది. మొదట సన్నగా, ఖాళీ సీసా మూతి మీద ఊదినట్టు ఉండేది. గాలి పెరిగితే గొంతు మార్చుకుని మా నేలలోంచి, మంచం కోళ్ళలోంచి పైకి ఎక్కేది. ఆ కూత విని, దాని పైనున్న మా ఇల్లు ఎవరూ కొనలేదు. ఎవరూ కొనలేదు కాబట్టే బిల్డింగువాళ్ళు దాన్ని మా అమ్మాయికి ఇచ్చారు. మా అమ్మాయి లిఫ్టు మెకానిక్కు. అక్కడి లిఫ్టులన్నీ దాని చేతి కిందే ఉండేవి.

ఇంట్లో నలుగురం. అమ్మాయి, లారీ తోలే అల్లుడు, అల్లుడి తల్లి, నేను. అల్లుడు నెలలో సగం రోజులు రోడ్డు మీదే. వియ్యపురాలికీ నాకూ ఒకటే గది. ఇద్దరమూ భర్తలు పోయినవాళ్ళం, ఇద్దరికీ గురక ఉంది, ఎవరిది వారికి వినపడదు కనుక రెండోవాళ్ళకే ఉందని ఇద్దరి నమ్మకం.

“మీ అమ్మాయికి ఇచ్చింది ఇల్లా, దెయ్యమా వదినా?” అనేది ఆమె, కూత లేచినప్పుడల్లా.

“మీ అబ్బాయి కట్టించిన మేడ ఎక్కడైనా ఖాళీగా ఉంటే చెప్పండి వదినా, పొద్దున్నే సామాను సర్దుతాను,” అనేదాన్ని నేను.

నవ్వేది గానీ, ఆ కూత ఆమెను నిజంగానే పీక్కుతినేది. కింద ఎక్కడో ఎవరో ఊపిరి తీసుకోకుండా తనను పిలుస్తున్నట్టు ఉంటుందట. చెవుల్లో దూది పెట్టుకుని, దాని మీద గుడ్డ చుట్టుకుని పడుకునేది. పొద్దున లేస్తే కళ్ళు ఎర్రగా ఉండేవి.

ఒకరోజు భోజనాల దగ్గర అడిగింది. “అసలు అంత చోటు అలా ఎందుకు వదిలేశారే అమ్మాయ్? కట్టడానికి ఇటుకలు చాలలేదా?”

“చాలక కాదత్తయ్యా. గాలి కోసమే వదిలారు.”

“అదే అంటున్నా. గాలికి వదిలేశారు.”

అమ్మాయి నవ్వి, నీళ్ళ చెంబు తీసి బల్ల మధ్యలో పెట్టింది. “ఇది మన బిల్డింగు అనుకోండి. గాలి వచ్చి ముందు నుంచి నెడుతుంది. అది అందరికీ తెలిసిందే. కానీ గాలి అక్కడితో ఆగదు. రెండు పక్కల నుంచీ చుట్టుకుని వెనక్కి వెళ్ళి సుడి తిరుగుతుంది. ఒకసారి ఈ పక్కన సుడి, ఒకసారి ఆ పక్కన. సుడి ఎటుంటే అటు లాగుతుంది. ఇటూ అటూ, ఇటూ అటూ. ఉయ్యాలను వరస తప్పకుండా ఊపినట్టు.”

“ఉయ్యాల అయితే మంచిదేగా. నిద్రైనా పడుతుంది.”

“ఇంత పెద్ద ఉయ్యాల ఊగితే నిద్ర పట్టదు. లిఫ్టులు పెట్టేటప్పుడు ఇంజనీరమ్మ చెప్పింది. ముందు దీనికి చిన్న నమూనా చేసి, పెద్ద పెద్ద ఫ్యాన్ల ముందు పెట్టి చూశారట. అన్నీ మూసి ఉన్న నమూనా ఊగిపోయిందట. నడుము దగ్గర ఒక అంతస్తు తెరిస్తే గాలి మధ్యలోంచి దూరి వెళ్ళిపోయి, వెనక ఆ సుడుల వరస చెడిందట. అందుకే వదిలారు. ఆ కూత గాలి వెళ్తున్న చప్పుడు.”

వియ్యపురాలు చెంబు కేసి చూసింది. “నమూనాకేం, దానికి చెవులున్నాయా?” అని చెయ్యి కడుక్కోవడానికి లేచింది.

ఆ వారంలోనే ఆమె బిల్డింగు కమిటీ ప్రెసిడెంటును కలిసింది. ఆయన భారీ మనిషి, గాలి అంతస్తుకు కింది భాగంలో ఉండేవాడు. ఖాళీ అంతస్తులో టేబుల్ టెన్నిస్ బల్లలు వేయించాలని ఆయనకు ఎప్పటి నుంచో మనసు. బంతి నిలవనివ్వని గాలి మీద ఆయనకూ కోపమే. ఈమె వెళ్ళి అడగడం, ఆయన సరేననడం. నాలుగు వైపులా మందపాటి టార్పాలిన్లు కట్టించారు. కట్టినవాడు కంతల్లోంచి నైలాను తాళ్ళు లాగి ఇనప గొట్టాలకు బిగించి, చీమ కూడా దూరదని చెప్పి వెళ్ళాడు.

మూయవద్దని అమ్మాయి వెళ్ళి ఆయనకు చెప్పింది. ఆయన విన్నాడు కూడా. “గోడ కడుతున్నామా తల్లీ? గుడ్డ. గుడ్డ ఎంత, బిల్డింగు ఎంత?” అన్నాడు. ఆ మాట నాకూ సబబుగానే తోచింది.

కూత ఆగిపోయింది. ఆ మొదటి రాత్రి వియ్యపురాలు తెల్లారేదాకా కదలకుండా నిద్రపోయింది. మెట్ల మీద ఎదురైన ఆడవాళ్ళు ఆమెను ఆపి మరీ మెచ్చుకున్నారు. “చూశారా వదినా, మీ అమ్మాయి ఫ్యాన్లూ నమూనాలూ అని బెదిరించింది,” అంది నాతో. నాకూ నిద్ర హాయిగానే పట్టింది మరి.

కొన్నాళ్ళకు నాకు తల తిరగడం మొదలైంది. కూర తరుగుతుంటే నేల నా కాళ్ళ కింద నుంచి నెమ్మదిగా పక్కకు జరిగి, మళ్ళీ వెనక్కి వచ్చినట్టు ఉండేది. బీపీ అనుకున్నాను. అమ్మాయికి చెబితే ఆసుపత్రంటుంది, సెలవు పెడుతుంది. చెప్పకుండా పాత మాత్రలు వేసుకున్నాను. మాత్రల డబ్బా నేను దాచిన చోట ఉండేది కాదు. ఒకసారి అరలో, ఒకసారి దిండు కింద. మతిమరుపు కూడా వచ్చిందని బెంగపెట్టుకున్నాను.

ఒక సాయంత్రం గాలి బాగా వేస్తోంది. వియ్యపురాలు స్నానాల గదిలో బట్టలు నానబెట్టడానికి వెడల్పాటి బేసిను నిండా నీళ్ళు పట్టి, అలాగే నిలబడిపోయింది. ఎంతకీ రాకపోతే వెళ్ళి చూశాను. పంపు కట్టేసి ఉంది. బేసినును ఎవరూ ముట్టుకోలేదు. అందులో నీళ్ళు ఒక అంచు మీదికి ఎక్కి, ఆగి, రెండో అంచు మీదికి ఎక్కుతున్నాయి. తొందరేం లేదు వాటికి. ఇటూ, అటూ.

“మీకూ తల తిరుగుతోందా వదినా?” అంది ఆమె, నీళ్ళ మీంచి చూపు తిప్పకుండా.

“మాత్రల డబ్బా తీస్తున్నది మీరేనా?”

తల ఊపింది. ఇద్దరం ఆ బేసిను దగ్గర చతికిలబడ్డాం. హాల్లో వేలాడే దీపం కూడా చిన్నగా తిరుగుతోంది. గోడల్లోంచి వేళ్ళు విరుచుకున్నట్టు చప్పుడు వచ్చింది. నా ఒంట్లో ఏమీ లేదు. ఊగుతున్నది నేను కాదు. అది తెలిసిన క్షణం నుంచి బీపీయే అయితే ఎంత బాగుండేదో అనిపించింది.

అమ్మాయికి చెప్పాం. అది అప్పటికే ప్రెసిడెంటుతో రెండుసార్లు గొడవపడి ఉంది. తుఫాను వస్తోందన్న వార్త విని మర్నాడు పొద్దున మళ్ళీ ఫోను చేసింది. పోటీలు పెట్టుకున్నామనీ, అవి కాగానే విప్పిస్తాననీ, ఇప్పుడు విప్పితే మళ్ళీ కట్టేవాడు దొరకడనీ ఆయన జవాబు. వియ్యపురాలు ఫోను లాక్కుని, “నేనే అడిగాను, నేనే వద్దంటున్నాను, విప్పించండి,” అంది. ఆయన నవ్వాడట. “అందరికీ నిద్ర పట్టించింది మీరే కదమ్మా, ఇప్పుడు మీరే భయపడితే ఎలా,” అన్నాడట.

మధ్యాహ్నం ఆకాశం మసిగుడ్డలా అయింది. అమ్మాయి పనిముట్ల సంచి భుజాన వేసుకుంది.

“ఎక్కడికే?”

“మూడో లిఫ్టులో టక్కుటక్కుమని చప్పుడట. పెట్టెను లాగే ఉక్కు తాళ్ళు ఎక్కడ తగులుతున్నాయో చూసి ఆపేసి వస్తాను.”

“గాలి తగ్గాక చూడకూడదూ?”

“ఈలోపు జనం ఎక్కి ఇరుక్కుంటేనో?” అని తలుపు లాగి వెళ్ళింది.

అది వెళ్ళిన కాసేపటికి గాలి ఒక్కసారిగా బిల్డింగును కొట్టింది. వంటింటి అర తలుపు దానంతట అదే తెరుచుకుని, మళ్ళీ మూసుకుంది. మళ్ళీ తెరుచుకుంది. కుర్చీ పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు ఫోను మోగింది.

“అమ్మా, కంగారుపడకుండా విను,” అంది అమ్మాయి.

లిఫ్టులో ఇరుక్కున్న ముసలివాళ్ళతో అది ఒక గొంతుతో మాట్లాడుతుంది. మెల్లగా, ప్రతి మాటా విడివిడిగా. ఆ గొంతు నాతో వాడడం అదే మొదటిసారి.

“లిఫ్టు పెట్టె మీద ఉన్నాను. లోపల కాదు, పైన. మెల్లగా నడుపుకుంటూ చూస్తుంటే బిల్డింగు ఊపుకి ఒక తాడు ఊగి గోడ కొక్కేనికి చిక్కుకుంది. బ్రేకు పడి పెట్టె ఆగిపోయింది. మిగతా ఉక్కు తాళ్ళు కొట్టుకుంటున్నాయి. ఒక మూల ఒదిగి కూర్చున్నాను. పెట్టెలోకి దిగడానికి మూత ఉంది గానీ, తాళ్ళు సరిగ్గా దాని మీదే ఆడుతున్నాయి. కదిలితే తగులుతాయి.”

ఫోనులోంచే వినిపించాయి. ఇనప కొరడాలు గోడకు కొట్టినట్టు, అటు ఒకటి, ఇటు ఒకటి.

“కంపెనీవాళ్ళు?”

“గాలికి వంతెన మూసేశారట. ఇప్పట్లో రాలేరు. అమ్మా, ఊగడం తగ్గితే తాళ్ళు వాటంతట అవే ఆగుతాయి. గాలి అంతస్తు తెరవాలి. నేను దాని పక్కనే ఉన్నాను. అక్కడ లిఫ్టు తిరిగే షాఫ్టు గోడకు జాలీ ఉంటుంది, అందులోంచి నా మాట వినపడుతుంది. కత్తులు తీసుకురండి. రెండు దుప్పట్లు కూడా.”

వియ్యపురాలు అప్పటికే వంటింట్లో ఉంది. నాకు కూరగాయల కత్తి ఇచ్చి, తను పెద్ద కత్తెర పట్టుకుంది. మెట్ల మీద గోడను రాసుకుంటూ ఒక అంతస్తు దిగాం. మెట్లు కూడా ఊగాయి. ముందు పెట్టిన కాలు అనుకున్న చోట పడేది కాదు.

గాలి అంతస్తు తలుపు దగ్గర ప్రెసిడెంటు ఉన్నాడు. అమ్మాయి ఆయనకూ ఫోను చేసిందట. రెండు చేతులా పిడి పట్టుకుని లాగుతున్నాడు. ఒళ్ళంతా చెమట.

“రావడం లేదమ్మా. లోపలి నుంచి ఎవరో పట్టుకున్నట్టుంది,” అన్నాడు.

ముగ్గురం లాగాం. సందు దొరకగానే ఆయన తన భారీ శరీరాన్ని అందులో దూర్చి, తలుపును వీపుతో ఆపి పట్టుకున్నాడు. “వెళ్ళండి. నేను దీన్ని వదలను,” అన్నాడు. నిజంగానే చివరిదాకా వదల్లేదు.

లోపల చీకటి నీలం రంగులో ఉంది. టేబుల్ టెన్నిస్ బల్లలు ఒక మూలకు జరిగి ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. గాలి వస్తున్న వంతెన వైపు టార్పాలిను పెద్ద జంతువు పొట్టలా లోపలికి ఉబ్బి, ఊపిరి తీసుకుంటోంది. ఎదుటి వైపు, రైలు పట్టాల వైపుది, బయటికి పీల్చుకుపోయి డప్పులా బిగిసి ఉంది. ఇనప గొట్టాలు మూలిగాయి. మధ్య గోడలో, జాలీ వెనక, తాళ్ళు కొడుతున్నాయి.

“అమ్మా, వచ్చారా?”

“వచ్చాం. నువ్వెలా ఉన్నావు?”

“బాగానే ఉన్నాను. ముందు నడుముకు దుప్పటి కట్టుకుని స్తంభానికి కట్టుకోండి. ముడి రెండుసార్లు.”

నేను కట్టుకుంటూనే ఉన్నాను. వియ్యపురాలు కట్టుకోలేదు. కత్తెర పట్టుకుని తిన్నగా వంతెన వైపు నడిచింది, ఆ ఉబ్బిన పొట్ట మీదికి. “దీన్నే చంపాలి ముందు,” అంటోంది.

జాలీలోంచి అమ్మాయి గొంతు మొదటిసారి పెరిగింది. “అత్తయ్యా, అటు వద్దు. ముందు పట్టాల వైపు. గాలి వెళ్ళిపోవడానికి దారి లేకుండా వచ్చే దారి తెరిస్తే లోపలే నిండిపోతుంది. గాలి ఎక్కువైన బుడగలా పేలుతుంది. తలుపుతో సహా మిమ్మల్ని విసిరేస్తుంది.”

ఆమెకు వినపడలేదు. నేను దుప్పటి ముడి వదిలేసి, పరుగెత్తి, ఆమె నడుము రెండు చేతులా పట్టుకుని వెనక్కి లాగాను. ఇద్దరం కింద పడ్డాం. కత్తెర మొన అప్పటికే గుడ్డకు తగిలి ఉంది. అక్కడ చిన్న చిల్లు. ఆ చిల్లులోంచి గాలి సూదిలా వచ్చి నా చెంపను తాకింది. అంత చిన్న చిల్లులోంచి.

“పట్టాల వైపు వదినా. ముందు వెళ్ళే దారి,” అన్నాను చెవిలో.

నా ముఖం చూసింది. అప్పుడు గానీ ఆమె కళ్ళల్లోకి మనిషి రాలేదు.

ఒకే స్తంభానికి ఇద్దరం కట్టుకున్నాం. స్తంభం నుంచి స్తంభానికి ముడి మార్చుకుంటూ, పిట్టగోడ వెంబడి మోకాళ్ళ మీద పాకుతూ కింది తాళ్ళు కోశాం. ఒక్కో తాడు తెగినప్పుడల్లా తుపాకీ పేలినట్టు చప్పుడు. తెగిన కొస ఒకటి నా ముంజేతి మీద కొట్టి చర్మం చీల్చుకుపోయింది. పిట్టగోడ అవతల చూడకూడదనుకున్నాను. చూశాను. పట్టాలు దారాల్లా ఉన్నాయి, వాటి మీదికి మేం వంగాం, వంగి ఆగాం, మళ్ళీ వెనక్కి వచ్చాం. నేను కాదు వంగింది. నా కింద ఉన్న అన్ని అంతస్తులూ.

“ఇంకెన్ని?” అని అరిచింది అమ్మాయి. ఈసారి ఆ ముసలివాళ్ళ గొంతు లేదు. నా కూతురి గొంతే. చిన్నప్పుడు చీకట్లో పిలిచిన గొంతు.

“అయిపోతున్నాయి తల్లీ.”

ఆఖరి తాడు వియ్యపురాలు కోసింది. టార్పాలిను కింది అంచు బయటికి ఎగిరి, ఆకాశంలో ఒక్క ఊపు ఊగి, పై తాళ్ళను కూడా తెంపుకుని పోయింది. ఉన్నట్టుండి ఎదుట ఏమీ లేదు. మబ్బు, వాన, అంతే.

వంతెన వైపు కోయడం ఇంకా భయం. అది మా మీదికి ఒరిగి ఉంది. అటువైపు స్తంభానికి కట్టుకుని, దాని చాటున నక్కి, చేతులు మాత్రం చాచి పక్క తాళ్ళు కోశాం. రెండు మూడు తెగేసరికి మిగతావి మా అవసరం లేకుండానే తెగాయి. ఆ పెద్ద నీలం గుడ్డ మొత్తం లేచి, మా తలల మీంచి, కప్పు కిందుగా, అంతస్తు ఈ కొస నుంచి ఆ కొసకు దాటి, రెండో వైపు నుంచి బయటికి వెళ్ళిపోయింది. దాని వెనక గాలి వచ్చింది. స్తంభాన్ని కావలించుకుని కళ్ళు మూసుకున్నాను.

అప్పుడు లేచింది కూత.

అంత దగ్గర నుంచి ఎప్పుడూ వినలేదు. పళ్ళు జివ్వుమన్నాయి. రాతి గొట్టంలో వెయ్యిమంది ఒకేసారి ఊదినట్టు ఉంది. అంత కూతలోనూ నేను జాలీ వైపే చెవి పెట్టాను. తాళ్ళు కొడుతూనే ఉన్నాయి. ఏమీ మారలేదు. ఇంత చేసీ ఏమీ కాలేదనుకున్నాను. అటు ఒకటి, ఇటు ఒకటి. మళ్ళీ అటు. తర్వాత ఇటు కొట్టాల్సింది కొట్టలేదు. ఆలస్యంగా, మెత్తగా తగిలింది. వరస తప్పింది. తర్వాత గోడను రాసుకున్న చప్పుడు మాత్రమే.

“అమ్మా.” గొంతు కూతలో కొట్టుకుపోయి సగమే వినిపించింది. “తగ్గాయి. మూత తీస్తున్నాను.”

ఇనుము మీద ఇనుము జరిగిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు. నేను జాలీ దాకా పాకి, వేళ్ళు అందులో దూర్చి పేరు పెట్టి పిలిచాను. పలకలేదు. మళ్ళీ పిలిచాను. నా ఫోను మోగుతోందని వియ్యపురాలు నా భుజం తట్టి చూపించేదాకా నాకు తెలియలేదు.

“లోపలికి దిగాను. పెట్టెలో కూర్చున్నాను. భుజానికి తాడు తగిలింది, అంతే,” అంది అమ్మాయి.

సాయంత్రానికి గాలి తగ్గాక కంపెనీవాళ్ళు వచ్చి పెట్టెను దగ్గరి అంతస్తుకు తెచ్చి తలుపు తీశారు. అమ్మాయి భుజం మీద తాడు తగిలిన చోట వాత ఇప్పటికీ ఉంది. ప్రెసిడెంటు మా ఇంటికి వచ్చి, కూర్చోకుండా నిలబడే, పదవి వదిలేశానని చెప్పి వెళ్ళాడు. మిగిలిన రెండు వైపుల గుడ్డలు ఆయనే దగ్గరుండి విప్పించాడు.

ఆ రాత్రంతా కూత మోగింది. వియ్యపురాలు చెవుల్లో దూది పెట్టుకోలేదు. మంచం మీద కూర్చుని మోకాళ్ళ మీద గడ్డం ఆనించి వింటోంది.

“పడుకోండి వదినా.”

“అరవనీయండి. అరుస్తున్నంతసేపూ పర్వాలేదు,” అంది.

గాలి రోజుల్లో ఇప్పుడు మేం ఇద్దరం నిద్రపోతాం. గాలి లేని రోజులతోనే మాకు చిక్కు. కూత ఉండదు. అది గాలి లేక ఆగిందో, ఎవరైనా ఏదైనా కట్టేసి ఆగిందో పడుకున్న చోటు నుంచి తెలియదు. అందుకని మా గదిలో మంచాల మధ్య వెడల్పాటి బేసిను నిండా నీళ్ళు పెట్టుకుంటాం. అమ్మాయి రెండుసార్లు దానికి కాలు తగిలి నీళ్ళు ఒలకబోసి, “ఇదెందుకమ్మా ఇక్కడ?” అంది.

“మీ అత్తయ్య కాళ్ళు నానబెట్టుకోవడానికి,” అన్నాను.

“మీ అమ్మకి,” అంది వియ్యపురాలు.

అదెందుకో అమ్మాయికి తెలుసు. బేసిను మళ్ళీ నింపి, నీళ్ళు కదలడం మానేదాకా మాతో పాటు అక్కడే నిలబడి చూసి వెళ్ళింది.